ధ్రువ: ఒక ఆటల కర్మాగారపు ఉదయాస్తమయములు
(సంఘ వార్షిక సభలో చదివిన ఉపన్యాసపాఠము)



ఉక్కు నగరమున కాపురముండు వారికి కర్మాగారమనగా నేమియో వేరుగా చెప్పనక్కరలేదు. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడినది. 1912లో ఇచ్చట మొదటి ఉక్కు దిమ్మె పోతపోయబడినది. 1919లో సాక్చి గ్రామము జంషెడ్‌పూరను పేరు దాల్చినది. నాటినుండి నేటివరకు ఈ ఊరి జీవితము కొలిమి వెలుగుతోడను, షిఫ్టు మారు వేళలతోడను పెనవేసికొని యున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు పని యనగా కంటికి కనబడు పని, చేతికి తగులు వస్తువు.

నేటి ప్రసంగ విషయము మరియొక జాతి కర్మాగారము. దానికి పొగగొట్టము లేదు. రైలుపెట్టెలలో దిగు ముడిసరుకు లేదు. అచ్చట తయారగు వస్తువును త్రాసులో తూచలేము, గోదాములో పేర్చలేము. అయినను వందలకొలది యువకులు, యువతులు దానిని నమ్ముకొని జీవించిరి. వీడియో ఆటలను నిర్మించు అట్టి సంస్థ యొకటి మన దేశమున పుట్టి, పెరిగి, పేరుగాంచి, చివరకు పేరు లేకుండ పోయినది. ఆ కథ ఈ సభకు ఏల యని సందేహము కలుగవచ్చును. మన యిండ్లలోని పిల్లలు ఇంజనీరింగో, చిత్రలేఖనమో చదివి బెంగుళూరు, హైదరాబాదు నగరములకు పోవుచున్నారు. వారిలో కొందరు ఇట్టి సంస్థలలో చేరుచున్నారు. అదియు ఒక ఉద్యోగమేనా, అది ఎన్నాళ్లు నిలుచును అని తలిదండ్రులు అడుగుట సహజము. ప్రభుత్వోద్యోగమునకును, పింఛనుకును అలవాటుపడిన మన కుటుంబములలో ఆ ప్రశ్న మరింత బలముగా వినవచ్చును. దానికి ఊహతో గాక ఒక చరిత్రతో సమాధానము వెదకుట మేలు.

ముందుగా ఒక భ్రమను తొలగించవలెను. ఆట యనగానే జూదమని పెద్దలు ఉలికిపడుదురు. డబ్బు పందెమొడ్డి ఫోనులో ఆడు రమ్మీవంటివి వేరు, కథయు చిత్రమును కలిసిన వీడియో ఆట వేరు. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను మొదటి జాతి ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము దేశమంతటికిని వర్తించునట్లు ధన పందెపు ఆటలను అడ్డగించి, పందెము లేని ఆటలను ప్రోత్సహింపదగినవిగా గుర్తించెను. శాసనమే ఈ భేదమును పాటించినప్పుడు కుటుంబములును పాటింపవలసియున్నది.

ఇక ఆట తయారగు విధము. దీనిని నాటకసమాజముతో పోల్చిన సులభముగా తెలియును. కథ కూర్చువాడొకడు, పాత్రలకు రూపమిచ్చు చిత్రకారుడొకడు, ఆ బొమ్మను నడిపించు ప్రోగ్రామరొకడు, సంగీతము చేర్చువాడొకడు. వీరందరి పని ముగిసిన పిదప తప్పులు వెదకుటకే నియమింపబడిన పరీక్షకులు కొందరు. కారు పందెముల ఆటలో ఒక్క కారును నిర్మించుటకు చిత్రకారుడు దాని ఛాయాచిత్రములను, కొలతలను ముందుంచుకొని, వేలకొలది చిన్న చిన్న పలకలను కంప్యూటరులో ఒకదానితో నొకటి అతుకును. ఆపైన రంగు, మెరుపు, గాజు, సీటుపై కుట్టుపని వరకు పూత పూయును. ఆడువాడు దానిని క్షణకాలము చూచి ముందుకు సాగును. ఆ క్షణము వెనుక వారముల శ్రమ కలదు.

ఈ వృత్తిలో ధనము వచ్చు మార్గములు ముఖ్యముగా మూడు. సొంతముగా ఆట చేసి అమ్ముకొనుట మొదటిది. లాభము వచ్చిన అంతయు తనదే, నష్టమును తనదే. ప్రచురణకర్త ధనమిచ్చి ఆట చేయించుట రెండవది. పని ఒక్కొక్క మజిలీ దాటినకొలది వాయిదాలుగా సొమ్ము చెల్లును, ఆట మాత్రము ప్రచురణకర్తదగును. ఇతరుల ఆటలకు కావలసిన బొమ్మలను మాత్రము గీసియిచ్చి కూలి పుచ్చుకొనుట మూడవది. ఈ మూడు మార్గములను గుర్తుంచుకొన్నచో మిగిలిన కథ తేటపడును.

1997లో బెంగుళూరున రాజేష్ రావు అను యువకుడు ధ్రువ ఇంటరాక్టివ్ అను సంస్థను స్థాపించెను. భారతదేశమున వీడియో ఆటల నిర్మాణమునే వృత్తిగా చేపట్టిన తొలి సంస్థగా దానిని చెప్పుదురు. నాటి పరిస్థితులను తలచుకొన్నచో అది సాహసమే. సామాన్య గృహములలో కంప్యూటరు లేదు. ఆటలాడు యంత్రము ధర ఒక గుమాస్తా నెలజీతమును మించియుండెడిది. ఉన్నవారు సైతము దొంగ నకళ్లను కొని ఆడుచుండిరి. ఈ విద్య నేర్పు కళాశాల లేదు. స్వదేశమున కొనువారు లేనందున ధ్రువ తొలినుండియు విదేశములవైపే చూడవలసివచ్చెను.

ఫ్రాన్సు దేశపు ఇన్ఫోగ్రామ్స్ అను ప్రచురణకర్త తన 'మిషన్: ఇంపాసిబుల్' ఆటను కంప్యూటరుకు అనువుగా మార్చు పనిని ధ్రువకు అప్పగించెను. ఒక భారతీయ సంస్థకు అట్టి పని లభించుట ఆనాడు గొప్ప విశేషము. అయితే ఆ కంప్యూటరు రూపము విపణిలోనికి రానేలేదు. ప్రచురణకర్త తలంపు మారిన పిదప నిర్మించువాని చేతిలో మిగులునది అనుభవము మాత్రమే. రెండవ మార్గములోని అపాయము ఇదియే. వాయిదా ఆగిన నాడు పని ఆగును, చేసిన పనిని మరియొకరికి అమ్ముకొను హక్కు ఉండదు.

అక్కడితో చాలామంది తలుపులు మూసియుందురు. ధ్రువ మాత్రము మూడవ మార్గమునకు మరలెను. ఆట మొత్తము తనదికాకపోయినను దానిలోని బొమ్మలు తనవి కావచ్చునని నిశ్చయించెను. 2000 తరువాతి దశకమున పాశ్చాత్య దేశములలో ఆటల నిర్మాణవ్యయము త్వరితముగా పెరిగెను. యంత్రముల శక్తి పెరిగినకొలది బొమ్మలు మరింత సూక్ష్మముగా నుండవలసివచ్చెను, చిత్రకారుల సంఖ్య పెరుగవలసివచ్చెను. ఆ పనిలో కొంత భాగము భారతదేశమునకు తరలెను. మైక్రోసాఫ్టువారి 'ఫోర్జా' కారు పందెముల ఆటలలో కనబడు కార్లలో ధ్రువ చిత్రకారుల చేతిపని కలదు. ప్రపంచమందలి లక్షలాది బాలురు ఆ కార్లను నడిపిరి. అవి బెంగుళూరున పుట్టినవని వారిలో ఎందరికి తెలియును?

సంస్థ క్రమముగా మూడువందలమందికి పైగా పనివారితో విస్తరించెను. కళాశాలలు లేని కాలమున అదియే కళాశాల యయ్యెను. కాగితముపై బొమ్మ గీయగలవానిని చేర్చుకొని, కంప్యూటరు పనిని నేర్పి, గడువులోపల దోషము లేకుండ పని యప్పగించు క్రమశిక్షణను అలవరచెను. స్థాపకుడు నాస్కామ్ సంస్థవారి ఆటల వేదికకు అధ్యక్షత వహించి ఈ పరిశ్రమ పక్షమున మాటాడెను. ఇది ఆ సంస్థ మధ్యాహ్నకాలము.

2016 డిసెంబరులో స్వీడను దేశపు స్టార్‌బ్రీజ్ అను సంస్థ ధ్రువలో 90.5 శాతము వాటాను సుమారు 85 లక్షల డాలర్లకు కొనుటకు ఒప్పందము చేసికొనెను. స్టార్‌బ్రీజ్‌కు నాడు మంచి దశ. 2013లో వెలువడిన 'పేడే 2' అను దోపిడీ ఆట దానికి విశేషముగా ధనమార్జించి పెట్టెను. ఆ ధనమును చూచుకొని అది అన్ని దిక్కులకును చేతులు చాచెను. ఆటల యంత్రాంగమును కొనెను. కండ్లకు తగిలించుకొని చూచు పరికరముల నిర్మాణమున దిగెను. ఇతరుల ఆటలకు ప్రచురణకర్తయై పెట్టుబడి పెట్టెను. ఆ కొనుగోళ్ల వరుసలో ధ్రువయు ఒకటి.

2018 నవంబరులో స్టార్‌బ్రీజ్ తన ఆశలన్నియు పెట్టుకొన్న 'ఓవర్‌కిల్స్ ది వాకింగ్ డెడ్' అను ఆట వెలువడెను. ఆడువారు మెచ్చలేదు, అమ్మకము లెక్కలకు చాల దిగువ నిలిచెను. నెల తిరుగకముందే, 2018 డిసెంబరులో, స్టార్‌బ్రీజ్ ఋణదాతలనుండి రక్షణ కోరుచు న్యాయస్థానమున పునర్వ్యవస్థీకరణకు అర్జీ పెట్టుకొనెను. 2019 ఫిబ్రవరిలో కథాహక్కులవారు తమ అనుమతిని ఉపసంహరించుకొనగా ఆ ఆట అమ్మకమునుండియే తొలగెను. సంస్థ తనకు గల ప్రచురణహక్కులను ఒక్కొక్కటిగా వదలుకొనెను. చివరకు 2019 మే నెలలో ధ్రువలోని తన 91.82 శాతము వాటాను 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్ గేమ్స్ అను అమెరికా సంస్థకు అమ్మివేసెను. కొన్నధర కంటె అమ్మినధర తక్కువ. రాక్‌స్టార్‌వారికి బెంగుళూరున అప్పటికే ఒక శాఖ యుండెను. ధ్రువ పనివారు ఆ శాఖలో కలిసిపోయిరి. ఇరువదిరెండేండ్లు వెలిగిన ధ్రువ యను పేరు అంతటితో అస్తమించెను.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి గలదు. ధ్రువ పతనమునకు మూలము ధ్రువ పనివారి చేతకానితనము కాదు. వారు గీసిన కారులో లోపము లేదు, వారు తప్పిన గడువు లేదు. బెంగుళూరున వారు తలవంచుకొని పని చేయుచుండగా, వేలమైళ్ల దూరమున యజమాని ఆట యొకటి ఓడిపోయినది. భాగవతమునందలి ధ్రువుని కథ ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు. తండ్రి తొడపై కూర్చుండబోయిన బాలుని సవతితల్లి త్రోసివేసినది. ఒకరి తొడపై దొరకిన చోటు ఒకరి దయపై ఆధారపడినదే. ఆ బాలుడు అడవికి పోయి తపస్సు చేసి తన చోటు తాను సంపాదించుకొనెను. ఆ పేరు పెట్టుకొన్న సంస్థకు మాత్రము ఆ చోటు దక్కలేదు.

ఇట్టి గతి దీనికొక్కదానికే పట్టినదనుకొనరాదు. 1999లో ముంబయిలో విశాల్ గోండల్ స్థాపించిన ఇండియాగేమ్స్ ఫోనులలో ఆడు ఆటలకు ప్రసిద్ధి గాంచెను. అది యుటీవీ చేతిలోనికి, యుటీవీతోపాటు డిస్నీ చేతిలోనికి పోయెను. 2016లో డిస్నీవారు భారతదేశమున ఆటల విభాగమును మూసివేయగా ఆ దీపమును ఆరెను. మన హైదరాబాదున ఎఫ్‌ఎక్స్‌ల్యాబ్స్ అను సంస్థ 2008లో 'గజిని' సినిమాను ఆధారముగా గొని కంప్యూటరు ఆటను నిర్మించి ఆశలు రేకెత్తించెను గాని, ఆ ఆట వెంట అటువంటి ఆటల పరంపర నడువలేదు. చలనచిత్రములకు కంప్యూటరు మాయలు కూర్చు రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకును హైదరాబాదున శాఖ యుండెను. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రమునందలి పులిని సృష్టించినవారు వారే. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా అర్జీ పెట్టినది. అదే మాసమున ఆ పులికి ఆస్కారు బహుమతి వచ్చినది! ముందుగా ఒప్పుకొన్న సొమ్ముకే ఎన్ని మార్పులైనను చేసి పెట్టవలసివచ్చిన పనివాని దుస్థితి అట్టిది.

అమెరికాలోనే ఈ పరిశ్రమకు ఆద్యమైన అటారి చరిత్ర మరియు విచిత్రము. 1972లో పుట్టి, 1976లో వార్నర్‌వారికి అమ్ముడై, దేశమంతటను ఇంటింట వెలసిన ఆ సంస్థ, 1982లో 'ఇ.టి.' చిత్రమును ఆధారముగా గొని ఐదారు వారములలో ఒక ఆటను హడావిడిగా చేయించి లక్షలకొలది ప్రతులను తయారుచేసెను. కొనువారు కరవైరి. 1983లో నష్టము యాబదికోట్ల డాలర్లను దాటెను. మిగిలిన సరుకును న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిరి. 2014లో దానిని త్రవ్వి తీసిరి. ఆ అటారి పేరును పిమ్మట కొని దాల్చినది, ధ్రువకు తొలి పెద్ద పని నిచ్చిన ఆ ఇన్ఫోగ్రామ్స్ సంస్థయే! ఆ పేరు దాల్చినవారి అమెరికా శాఖలును 2013లో దివాలా రక్షణ కోరవలసివచ్చెను. పనిచ్చినవాడును, పని చేసినవాడును ఒకే చక్రములో తిరిగిరి.

ఇంత చెప్పిన పిదప తలిదండ్రులకు భయము కలుగవచ్చును. అట్టివారు మన ఊరినే ఒకసారి చూడవలెను. గోల్మురిలోని కేబుల్ కంపెనీ పొగగొట్టమున్న కర్మాగారమే. 1920లో స్థాపితమైనది. ప్రహరీ, యంత్రములు, కాలనీ, ఆటస్థలము అన్నియు కలవు. 2000లో దాని ఉత్పత్తి ఆగిపోయినది. పనివారు బకాయిలకై ఏండ్ల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరిగిరి. ఇటుకతో కట్టినంతమాత్రమున కర్మాగారము శాశ్వతము కాదు. అయితే ఒక భేదము గలదు. కేబుల్ కంపెనీ పనివాని నేర్పు ఆ యంత్రములతో ముడిపడి యుండెను. గేటు మూతపడగా ఆ నేర్పునకు ఊరిలో వేరు గిరాకి అరుదయ్యెను. ధ్రువ పనివాని నేర్పు అతని చేతిలోనే యుండెను. పేరుపలక మారినను అతడు మరునాడు పనిలోనే కూర్చుండెను. సంస్థ పోయినను వృత్తి పోలేదు. ఈ కథలో పతనము పేరుకు, యాజమాన్యమునకు సంబంధించినదే గాని విద్యకు సంబంధించినది కాదు.

అయినను పేరు పోవుట చిన్న నష్టమనుకొనరాదు. ఇరువదిరెండేండ్లు పని చేసిన సంస్థ, ఇది మాది యని దేశము తలయెత్తి చెప్పుకొను ఒక్క ఆటనైనను మిగిల్చి పోలేదు. దీనికి ఎదురుగా మన సురభి నాటకసమాజమును నిలిపి చూడుడు. 1885లో కడప మండలమున సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో మొదలైన ఆ సమాజము ఎన్ని కష్టములు పడలేదు? సినిమా వచ్చినది, టెలివిజను వచ్చినది, ప్రేక్షకులు పలుచబడిరి. అయినను నిలిచినది. తెరలు వారివి, నాటకములు వారివి, ఆ విద్యను తరువాతి తరమునకు అందించు కుటుంబములు వారివి. ఒకరి నాటకమునకు తెర వ్రాసియిచ్చువానికి కూలి దక్కును, నాటకము తనదైనవానికి పేరు దక్కును. కూలి నీచమని కాదు. తెర వ్రాయుచు చేయి తిరిగినవాడు ఏనాడైనను తన నాటకము తాను ఆడవలెనను తలంపు విడువరాదని భావము.

ఆ తలంపు కలవారు నేడు లేకపోలేదు. పూనాలోని నోడింగ్ హెడ్స్ అను చిన్న సంస్థ 'రాజీ' అను ఆటను మన పురాణములను, శిల్పమును ఆధారముగా గొని నిర్మించెను. 2017లో ప్రజలనుండి చందాలు కోరగా చాలినంత సొమ్ము రాలేదు. వారు పట్టు విడువక 2020లో ఆటను వెలువరించిరి, విదేశీయులును దానిని మెచ్చిరి. మన తోలుబొమ్మలాటలో, బుర్రకథలో, పల్నాటి వీరుల గాథలో ఇట్టి ఆటలకు కావలసిన ముడిసరుకు కొండలుగా పడియున్నది. ఇనుపరాయి కొండలలో నున్నంతకాలము అది రాయియే. కొలిమి పెట్టువాడు వచ్చిన పిదప కదా అది ఉక్కు అయినది!

కావున తలిదండ్రులకు రెండు మనవులు. పిల్లవాడు ఆటల సంస్థలో చేరెదనన్నప్పుడు పరిహసింపవద్దు, సంస్థ పేరు పెద్దదని మురిసిపోవనువద్దు. ఆ సంస్థ సొంత ఆటలు చేయునా, ఇతరుల పని చేయునా, యజమాని ఎవరు, ప్రావిడెంటు ఫండు జమ యగుచున్నదా, చేసిన పనిలో తన పేరు చూపుకొను హక్కు ఉన్నదా అని ప్రశ్నింపుడు. కార్యాలయములలో దస్త్రములు పరిశీలించు అలవాటు గల మనకు ఈ ప్రశ్నలు కష్టము కావు.

యువతీ యువకులకు ఒక్కటే మనవి. సంస్థను ప్రేమించుడు గాని విద్యను అంతకుమించి ప్రేమించుడు. ఉద్యోగము ముగిసిన పిదప రాత్రి గంటసేపైనను మీ సొంత బొమ్మను గీయుడు. ఆ బొమ్మను ఏ యజమాని ఋణమును మ్రింగలేదు.

ఆకాశమందలి ధ్రువుడు కదలడని పెద్దలు చెప్పుదురు. భూమిమీద ఆ పేరు పెట్టుకొన్నది కదలిపోయినది. అచ్చట పని నేర్చిన చేతులు మాత్రము నేటికిని బొమ్మలు గీయుచున్నవి. ఆ చేతులలో మన పిల్లల చేతులును కలియవచ్చును. వానిలో ఏదేని యొకటి ఒకనాడు మన కథను మన పేరుతో లోకమునకు ఆడి చూపవలెనని ఆశింతము.